తండ్రియు, బిడ్డయు, తుపాకుల సంతయు



పశువుల సంతను మీరెఱుగుదురు. కొనువాడు ఎద్దు పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. వెంట వచ్చిన కొడుకు, తండ్రి చూపు ఎచ్చట నిలుచుచున్నదో కనిపెట్టి బేరము నేర్చుకొనును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇట్టి సంతలు ఆయుధములకును గలవు. ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా నగరమున ఏటికి రెండుమారులు జరుగు సంతలో అమ్మకపు బల్లలే నాలుగువేలకు మించియుండును. క్రొత్త తుపాకులు, పాత తుపాకులు, కత్తులు, తోలుసంచులు, పూర్వయుద్ధముల పతకములు, తినుటకు ఎండుమాంసపు తునకలు, అన్నియు నచట దొరకును. తండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని వత్తురు. మనకిది విడ్డూరము, వారికి తిరునాళ్ల వంటిది. తాత తుపాకి తండ్రికి, తండ్రి తుపాకి కొడుకునకు సంక్రమించు ఇండ్లు ఆ దేశమున పెక్కులు.

అట్టి సంతలో ఒక తండ్రి తన బిడ్డను ప్రక్కన నిలుపుకొని, చేతులు మారిన రివాల్వరును కొనబోవుచున్నాడనుకొందము. అతడు చేయవలసిన పరీక్షలు మూడు: వస్తుపరీక్ష, శాసనపరీక్ష, గృహపరీక్ష. మొదటిదానిని చక్కగా చేయువారు పలువురు. రెండవది చేయువారు కొందరు. మూడవదానిని మఱచువారివలననే అనర్థములు పుట్టుచున్నవి.

ముందుగా వస్తువు మాట. రివాల్వరనగా తిరుగునది. గొట్టము వెనుక అయిదో ఆరో గదులుగల చక్రము తిరుగుచు ఒక్కొక్క తూటాను గొట్టమునకు ఎదురుగా దెచ్చును. కనెక్టికట్ రాష్ట్రపు శామ్యూల్ కోల్టు తన పదియారవయేట, 1830లో, మన కలకత్తాకు వచ్చు ఓడలో పనికి గుదిరి, ఆ ప్రయాణమున ఈ యంత్రపు నమూనాను కొయ్యతో చెక్కెను. తిరిగిపోయిన పిమ్మట తండ్రి సొమ్మిచ్చి ఒక రైఫిలును, ఒక పిస్తోలును చేయించెను. రైఫిలు బాగుగనే పనిచేసెను గాని, పిస్తోలు కాల్చినతోడనే పగిలిపోయెను. 1836లో కోల్టు ఆ దేశమున పేటెంటు పొందెను. కాబట్టి ఈ యాయుధపు చరిత్రలో మొదటి పుటయందే ఒక తండ్రియు, ఒక బిడ్డయు, ఒక పగిలిన పిస్తోలును గలవు.

చేతులు మారిన రివాల్వరును చూచుటకు క్రమము గలదు. యజమాని అనుమతి లేక దానిని ముట్టరాదు. ముట్టినపిదప గొట్టపు మూతిని జనులవైపు త్రిప్పరాదు. చక్రమును తెఱచి గదులన్నియు వట్టివని కంటితో చూడవలెను. అమ్మువాడు వట్టిదని చెప్పిన మాట చాలదు. సంతలో ఆయుధములకు సాధారణముగా ప్లాస్టిక్ పట్టీ బిగించియుండును. దానిని విప్పుట యజమాని పని. తరువాత సుత్తిని మెల్లగా వెనుకకు లాగవలెను. సుత్తి నిలుచునప్పటికి చక్రము తన స్థానమున బిగియవలెను. బిగియనిచో గదియు గొట్టమును సూటిగా కుదురవు. గుండు గొట్టపు అంచును గీచుకొని, సీసపు తునకలు ప్రక్కకు చిమ్మును. ఎత్తిన సుత్తిని బొటనవ్రేలితో నెట్టినచో జాఱరాదు. చక్రమునకును గొట్టమునకును నడుమ సందు అంగుళమును వేయి భాగములు చేసినచో ఆరు భాగముల ప్రాంతమున నుండుట మేలు. తెల్లకాగితపు వెలుగులో గొట్టము లోపల చూచినపుడు ఉంగరమువంటి నీడ కనబడెనేని, అది ఒకప్పుడు ఉబ్బినదని గుర్తు. మరల తలలు చెదరియున్నచో, పనిరానివాడెవడో విప్పినాడని యర్థము.

మఱియొక సూక్ష్మము. పాతకాలపు కోల్టులలో సుత్తి క్రింద తూటా యున్నపుడు రివాల్వరు నేలబడిన ప్రేలవచ్చును. అందువలన ఎఱిగినవారు ఆరు గదులలో అయిదింటినే నింపి, సుత్తి క్రింది గదిని వట్టిదిగా నుంచుదురు. రూగర్ సంస్థ 1973లో తన రివాల్వరులలో ఈ భయమును తొలగించు ఏర్పాటు చేసెను. అంతకుముందటి వానికిని ఆ యేర్పాటును వెలలేక అమర్చియిచ్చుచున్నది.

ఇక శాసనము. 1968 నాటి చట్టము ననుసరించి, అనుమతిగల వర్తకుడు ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి చేతితుపాకి అమ్మరాదు. 1994 నాటి చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎవ్వరును దానిని అమ్మరాదని విధించెను. తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతితో గురి నేర్చుటకు, వేటకు, సేద్యపు పనికి కొన్ని మినహాయింపులు మాత్రము గలవు. 1998 నుండి వర్తకుడు కొనువాని పూర్వచరిత్రను ప్రభుత్వపు పట్టికలతో సరిచూపించవలెను. సంతలో బల్ల వేసినంతమాత్రమున అతనికి ఈ విధి తప్పదు. అయితే ఎప్పుడో యొకప్పుడు తన సొంత వస్తువును అమ్ముకొను గృహస్థునకు దేశమంతటికి వర్తించు చట్టము ఈ పరీక్షను విధింపలేదు. కాలిఫోర్నియా, కొలరాడో మున్నగు రాష్ట్రములు విధించినవి. తండ్రి తన సొమ్ముతో కొని నిజముగా కానుక చేయవచ్చును. ఇతరుల సొమ్ముతో కొని, తానే కొనుగోలుదారుడనని పత్రమున వ్రాసినచో నేరమగును. ఆ యితరుడు స్వయముగా కొనుటకు అర్హుడైనను నేరమేయని 2014లో అచటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఇక మూడవది గృహపరీక్ష. ఎద్దును కొనువాడు అంతకుముందే ఇంట కొట్టమును, పలుపును సిద్ధపరచుకొనును. ఆయుధమునకు పలుపు తాళమే. తూటాలు వేఱు, ఆయుధము వేఱు, తాళపుచెవి పెద్దలయొద్ద. ఇది లేని యింటికి రివాల్వరు రాదగదు.

2021 నవంబరులో మిచిగన్ రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డు ఉన్నతపాఠశాలలో పదునైదేండ్ల బాలుడు నలుగురు తోటివిద్యార్థులను కాల్చిచంపెను. ఆ పిస్తోలును నాలుగు దినములకు ముందు తండ్రియే కొనెను. కొడుకు వెంటనే యుండెను. ఆనాటి ఉదయమున బాలుడు కాగితముపై గీసిన బొమ్మను, వ్రాసిన మాటలను చూచి, ఉపాధ్యాయులు కలవరపడి తల్లిదండ్రులను పిలిపించిరి. వారు వచ్చిరి, ఇంట పిస్తోలున్నదని చెప్పరైరి, కొడుకును ఇంటికి గొనిపోరైరి. ఎవ్వరును వాని సంచిని తెఱచి చూడలేదు. 2024లో తల్లియు తండ్రియు వేర్వేరుగా విచారింపబడి, ఒక్కొక్కరు పదినుండి పదునైదేండ్ల కారాగారమునకు శిక్షితులైరి. గొట్టపు లోపలి నీడను కనిపెట్టుటకు కాగితము నెత్తి చూచుట తగునే. బిడ్డ మనసులోని నీడ కాగితముపైననే కనబడినపుడు చూడకుండుట తగునా?

ఆ దేశమున 2020లో పందొమ్మిదేండ్లలోపు బాలబాలికల మరణములకు, ఏడాది నిండని శిశువులను విడిచి లెక్కించినచో, మోటారుబండ్ల ప్రమాదములను మించి తుపాకులే ప్రథమకారణమయ్యెను.

మన భారతమున ఈ కథ యెన్నడో చెప్పబడినది. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునునకు సంతోషముతో నిచ్చెను. అశ్వత్థామ తనకును గావలెనని పట్టుపట్టెను. తండ్రి కొడుకు చాపల్యము నెఱుగును. అయినను కాదనలేక, మనుష్యులపై ప్రయోగింపవలదని చెప్పి యిచ్చెను. తుదకేమైనది? ప్రయోగింప నేర్చినవాడు ఉపసంహరింప నేరడయ్యెను. ఆ యస్త్రము ఉత్తర గర్భమునందలి శిశువును కొట్టెను. ద్రోణుడు వస్తువునెఱిగినవాడే, విధినెఱిగినవాడే. పుత్రమోహమున పుత్రుని మాత్రము పరీక్షింపలేదు. బిడ్డ అడిగినదెల్ల ఇచ్చుట ప్రేమ యనుకొను తండ్రులకు ఇంతకు మించిన పాఠము లేదు.

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా నగరముల ప్రాంతమున నేడు మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా గలవు. వారిలో తుపాకి కొననివారికిని ఈ విషయముతో పని గలదు. మీ బిడ్డలు ఆటలకై పొరుగిండ్లకు పోవుచుందురు గదా! ఆ యింట ఆయుధమున్నదా, తాళమున్నదా యని మర్యాదతో నడుగుడు. అడిగినంతమాత్రమున స్నేహము చెడదు. బిడ్డకును ఈ నాలుగు మాటలు కంఠస్థము చేయింపుడు: తుపాకి కనబడిన నిలువుము, ముట్టకుము, అచటినుండి తొలగుము, పెద్దలకు చెప్పుము. ఇచట మీ మనుమలు అచట పెరుగుచున్నచో, రాబోవు ఆదివారము మాటలాడునపుడు ఆరోగ్యమును, చదువును అడిగినపిదప ఈ యొక్క ప్రశ్నయు వేయుడు.

స్వస్తి.