కథల్లో మనుషులు - మన మనుషులు



"మీకు అందరికంటే ఇష్టమైన మనిషి ఎవరండీ?" అని ఎవరైనా అడిగితే మనం ఏం చెప్తాం? అమ్మ అంటాం, నాన్న అంటాం, పిల్లలంటాం. ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటూంటే కాస్త గట్టిగా ఆయన పేరే చెప్తాం. అదే, "మీరు చదివిన కథల్లో, నవలల్లో మీకు బాగా ఇష్టమైన మనిషి ఎవరు?" అని అడిగి చూడండి. ఇక మొహమాటం ఉండదు. ఎవరూ నొచ్చుకోరు. మనసులో మాట ఠక్కున బయటికి వచ్చేస్తుంది.

నలుగురు ఆడవాళ్ళం చేరిన చోట ఈ ప్రశ్న వేసి చూడ్డం నాకో సరదా. పేరంటంలో అడిగాను, రైలు ప్రయాణంలో అడిగాను. ఒకావిడ మధురవాణి అంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన పెద్దావిడ కాంతం అంది. బాంకులో పనిచేసే అమ్మాయి 'కాలాతీత వ్యక్తులు'లో ఇందిర అంది. డెబ్బై దాటిన బామ్మగారు సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ దేవదాసులో పార్వతి పేరు చెప్పింది. ఇంకో ఇల్లాలు పకపకా నవ్వి, "నాకు బుడుగండీ!" అంది. గమనించారా? పెళ్ళిచూపుల్లో ఎవరైనా అడిగితే మనమందరం సీత పేరు చెప్పి తల వంచుకుని ఊరుకుంటాం. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు మాత్రం వచ్చే పేర్లు వేరు. ఎందుకని? అదే ఇవాళ మనం కాస్త ఆలోచిద్దాం.

ముందు మధురవాణి సంగతి చూద్దాం. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. తరువాత గురజాడవారే దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్ళీ ప్రచురించారు. ఈ రెండో కూర్పులోనే మధురవాణి పాత్ర ఇంత పెద్దదయింది. ఆ నాటకం ఏ పరిస్థితుల్లో పుట్టిందో మొదటి కూర్పుకు ఆయన రాసుకున్న ఇంగ్లీషు ముందుమాట చూస్తే తెలుస్తుంది. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ లెక్క తీయిస్తే, మూడేళ్ళలో 1034 తేలాయట. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళున్నారు, మూడేళ్ళవాళ్ళున్నారు. ఒక్క ఏడాది వయసున్న పసికూనలూ ముగ్గురున్నారు! ఉయ్యాలలో పాపాయిని పీటల మీద కూచోబెట్టిన రోజులన్న మాట.

అలాంటి రోజుల్లో సుబ్బి అనే చిన్నపిల్లను ముసలి లుబ్ధావధానులుకి ఇచ్చేద్దామని తండ్రి నిశ్చయిస్తాడు. తల్లి వెంకమ్మ నూతిలో పడుతుంది. పాపం, ఆవిడ చేయగలిగింది అంతే. ఊళ్ళో పెద్దమనుషులున్నారు, శాస్త్రాలు చదివినవాళ్ళున్నారు, ఇంగ్లీషు ముక్కలొచ్చిన గిరీశం ఉన్నాడు. ఆ పెళ్ళి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి వేసిన ఎత్తు పారిందంటే మాత్రం, దానికి తోడు నిలిచింది సంఘం ఇంట్లోకి రానివ్వని మధురవాణి. తన పిల్ల కాదు, తన కులం కాదు, తనకి దమ్మిడీ లాభం లేదు. అయినా పూనుకుంది.

ఆఖరి అంకం గుర్తుందా మీకు? వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్న సౌజన్యారావు పంతులుగారి దగ్గరికి మగవేషంలో వెళ్ళి, ఖూనీ కేసులో చిక్కుకున్న లుబ్ధావధానుల్ని బయటపడేస్తుంది. గిరీశం అసలు రంగు చెప్పి బుచ్చమ్మను కాపాడుతుంది. ఫీజుగా ముద్దు అడుగుతుంది. ఆయన తన నియమాన్ని కాదనుకుని సిద్ధపడేసరికి తనే వద్దని ఆపేస్తుంది. చెడనివాళ్ళను చెడగొట్టకూడదని తన తల్లి చెప్పిన మాట ఉందట! చూశారా, నీతి ఎవరి దగ్గర ఉందో! ఇంటిపేరూ గోత్రమూ చూసి మంచీ చెడ్డా నిర్ణయించే మన అలవాటుకి ఇంతకంటే చెంపపెట్టు ఇంకేం కావాలి? 1955లో సినిమా వచ్చినప్పుడు సావిత్రి ఆ పాత్ర వేసింది. ఇప్పటికీ మధురవాణి అనగానే చాలామందికి సావిత్రి కళ్ళే గుర్తుకొస్తాయి.

ఇక కాంతం. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథల్లో మధురవాణి చేసినంత ఘనకార్యం ఏదీ లేదు. ఖూనీ లేదు, కోర్టు లేదు. మధ్యతరగతి సంసారం, చాలీచాలని డబ్బు, వచ్చేపోయే చుట్టాలు, పిల్లల అల్లరి, మొగుడూ పెళ్ళాల మాటా మాటా. అంతే కథ. అయితే ఆ మాటల్లో గెలుపెప్పుడూ కాంతానిదే. మొగుడు తనకి చదువుందనుకుంటాడు, తెలివుందనుకుంటాడు, పెద్ద ఉపన్యాసం మొదలెడతాడు. కాంతం వంటింట్లోంచి ఒక్క మాట విసురుతుంది. ఆ ఉపన్యాసం కాస్తా అక్కడికక్కడే చప్పబడిపోతుంది. మనకెందుకు ఇష్టమంటే, మనకి ఆ మాట మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు కడుగుతున్నప్పుడు తడుతుంది. "అయ్యో, నిన్న ఇలా అనాల్సింది!" అనుకుంటాం. కాంతానికి సమయానికే తడుతుంది. పైగా ఆమె ఎంత ఎకసెక్కం చేసినా ఆ ఇంట్లో ప్రేమ తరగదు. గట్టిగా మాట్లాడితే సంసారం కూలిపోతుందని మనల్ని చిన్నప్పట్నుంచీ భయపెట్టారే, ఆ భయాన్ని నవ్వించి నవ్వించి పోగొట్టింది కాంతం.

బామ్మగారు చెప్పిన పార్వతి సంగతి వేరు. ఆమె మన తెలుగుపిల్ల కాదు, బెంగాలీ. శరత్ నవలలు చక్రపాణిగారి వంటివారి అనువాదాల్లో ఎంతగా మన ఇళ్ళల్లోకి వచ్చాయంటే, శరత్ తెలుగు రచయితేననుకున్న పాఠకులు బోలెడుమంది. అందరూ దేవదాసు కోసం ఏడ్చారు. బామ్మగారు మాత్రం, "వాడు తాగి తిరిగాడు, బాధ చూపించుకున్నాడు. ఆ పిల్ల తనంత వయసున్న సవతి పిల్లల్ని పెంచుకుంటూ లోపలే దాచుకుంది. ఎవరిది పెద్ద బాధ?" అంది. ఇంత మంచి విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నవల పేరెత్తితే చాలు, మా తరం వాళ్ళ మొహాలు ఇప్పటికీ విప్పారతాయి. అందరూ రాజశేఖరం కారు గురించీ, ఠీవి గురించీ ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి. జయంతిని మర్చిపోతున్నారు. ఆ పిల్ల ఉద్యోగం చేసుకుని బతకాలనుకుంది, తన అభిమానం తను నిలబెట్టుకోవాలనుకుంది. ఆడపిల్ల ఉద్యోగానికి వెడుతుందంటే వీధంతా అరుగులెక్కి చూసే రోజుల్లో, జయంతిని చదివి ధైర్యం తెచ్చుకున్న అమ్మాయిలున్నారు. కల కనడం తప్పా చెప్పండి!

మగపాత్రలను ఇష్టపడరా అంటే, ఎందుకు పడం? మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశం ఉన్నాడు. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పాపెట్టకుండా బయల్దేరి బారిస్టరు చదువుకి ఇంగ్లండు చేరిన అమాయకుడు. అడుగడుక్కీ నవ్వులపాలవుతూనే ముందుకు పోతాడు. పక్క ఊరికి వెళ్ళాలన్నా నలుగురి అనుమతి కావలసిన మనకి, ఆ పోవడమే ముచ్చటగా ఉంటుంది. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగుంటాడు. పెద్దవాళ్ళ దొంగ మాటలన్నీ వాడికి తెలిసిపోతాయి. బాపుగారి బొమ్మల్లో వాణ్ణి చూస్తే మన ఇంట్లో పిల్లాడికి తగలాల్సిన నాలుగు దెబ్బలు తప్పిపోతాయి.

ఇప్పుడు ఇందిర దగ్గరికి వస్తాను. కావాలనే ఆఖరికి ఉంచాను.

డాక్టరు పి. శ్రీదేవిగారు రాసిన ఒకే ఒక్క నవల 'కాలాతీత వ్యక్తులు'. 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికంగా వచ్చింది. 1961లో చిన్న వయసులోనే ఆవిడ కన్నుమూశారు. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఈ నవలే ఆధారం. ఇందులో ఇందిర మంచిపిల్లా అంటే, నేను చటుక్కున అవునని చెప్పలేను. ఇంటి బరువంతా ఆ పిల్ల మీదే ఉంది. బాధ్యత పట్టని తండ్రి. మేడమీద గదిలో అద్దెకుండే వైద్యవిద్యార్థి ప్రకాశం. అతనికేమో నిలకడ లేదు. నెమ్మదస్తురాలైన కల్యాణి ఇందిర వల్ల నొచ్చుకుంటుంది. ఇందిరకి అసూయ ఉంది, స్వార్థం ఉంది, తనకి కావలసింది లాక్కోవాలన్న తపన ఉంది. అయితే తన మీద తను జాలిపడ్డం మాత్రం ఆమెకి చేతకాదు. ప్రకాశం మేనమామ వెంట తల వంచుకుని వెళ్ళిపోతే, ఏడుస్తూ కూచోలేదు. కృష్ణమూర్తి బలహీనతలన్నీ తెలిసే అతన్ని పెళ్ళాడింది. బతకాలి, అదీ తన ఇష్టప్రకారం బతకాలి అనుకున్న మనిషి. ఆ పుస్తకం మూసేసరికి ఆమెను మెచ్చుకోకుండా ఉండలేం.

ఇక్కడే నాకొక సందేహం వస్తుంది. మీరూ ఆలోచించండి. పుస్తకంలో ఇందిరను ఇంతగా మెచ్చుకున్న మనం, అదే ఇందిర మన పక్కవాటాలో అద్దెకుంటే ఏమంటాం? పొద్దున్నే తయారై ఉద్యోగానికి వెడుతూంటే కిటికీలోంచి చూస్తాం. మేడమీద కుర్రాడితో మెట్ల మీద మాట్లాడితే నలుగురికీ చెప్తాం. "తండ్రికి బుద్ధి లేదు, కూతురికి అదుపు లేదు" అని తీర్పు ఇచ్చేస్తాం. మధురవాణి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళమే, నాలుగిళ్ళ అవతల ఏ ఒంటరి ఆడదాని ఇంటికో సాయంత్రం ఎవరో వచ్చారంటే ఆ ఇంటికి పసుపూ కుంకుమా పంపడం మానేస్తాం. కాంతం మాటకారితనానికి నవ్వుకుంటాం. ఇంటికొచ్చిన కోడలు ఎదురు సమాధానం చెప్తే మటుకు ఓర్చుకోలేం.

ఎందుకింత తేడా? నాకు తోచింది చెప్తాను. పుస్తకంలో ఇందిర లోపల ఏముందో శ్రీదేవిగారు మనకి విప్పి చూపించారు. రాత్రి దీపం ఆర్పాక ఆ పిల్ల ఏమనుకుందో, నెల జీతం ఎలా ఖర్చయిపోయిందో మనకి తెలుసు. అంచేత ఆమె తప్పు చేసినా, ఎందుకు చేసిందో అర్థమవుతుంది. అర్థమైన మనిషిని అసహ్యించుకోవడం కష్టం. పక్కవాటాలో అమ్మాయికి మాత్రం కథ రాసేవాళ్ళెవరూ లేరు. మనకి కనబడేది ఆమె చీరా, ఆమె వచ్చిన టైమూ అంతే! మిగతాది మనమే కల్పించేస్తాం. ఆ కల్పనలో మనం శ్రీదేవిగారంత దయ చూపించం.

"నవలలు చదివి ఆడవాళ్ళు చెడిపోతున్నారు" అనే మాట పాతకాలం నుంచీ ఉంది. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవలను బియ్యం డబ్బాలో దాచుకుని చదివినవాళ్ళు మనలో లేకపోలేదు. చెడిపోవడం మాట దేవుడెరుగు, నాలుగు మంచి నవలలు చదివిన మనిషికి ఇతరుల లోపల కూడా ఒక కథ ఉంటుందని తెలుస్తుంది. తెలియాలి. అది తెలియకపోతే ఎన్ని పుస్తకాలు చదివినా కాలక్షేపమే.

కాబట్టి సోదరీమణులారా, నాదొక చిన్న మనవి. ఈ వారంలో ఒక రోజు, రాత్రి భోజనాల దగ్గర, మీ ఇంట్లోవాళ్ళని ఈ ప్రశ్న అడగండి. అత్తగారిని అడగండి, అమ్మాయిని అడగండి, కోడల్ని తప్పకుండా అడగండి. ఏ పాత్ర అంటే ఇష్టం, ఎందుకిష్టం అని. మీ అమ్మాయి మీరు వినని పేరేదో చెప్తే, "అదేం పిచ్చి పుస్తకం?" అని కసరకండి. సావకాశంగా వినండి. కోడలు తన గురించి చెప్పుకోలేని సంగతి, తనకిష్టమైన పాత్ర గురించి చెప్పేటప్పుడు చెప్పేస్తుంది. అత్తగారు నలభై ఏళ్ళుగా మింగిన మాట పార్వతి పేరు మీద బయటపడుతుంది. వినే చెవి ఉంటే చాలు.

ఆ తరవాత, ఎప్పుడైనా ఎవరి మీదనైనా మాట తూలబోయేటప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఈవిడ కథ ఎవరైనా రాసి ఉంటే, నేను చదివి ఏమనుకునేదాన్ని?" అని మనల్ని మనం అడుగుదాం. మధురవాణినీ, ఇందిరనూ నిజంగా ఇష్టపడ్డామనడానికి అంతకన్న వేరే గుర్తు అక్కర్లేదు.