చీనా వైద్యములో అతిమధురము

మూలికల అంగళ్లలో అతిమధురము పేర దొరకు పసుపుపచ్చని వేరుముక్కలను ఎరుగనివారు మనలో అరుదు. గొంతు బొంగురుపోయినపుడు చిన్న ముక్కను బుగ్గన పెట్టుకొనుట మన యిండ్లలో వాడుక. సంస్కృతమున దీనికే యష్టిమధుకమని పేరు. దీనికి తోబుట్టువనదగిన మొక్క చీనాదేశమున 'గాన్‌సావ్' అనబడుచున్నది. తీయని మూలిక యని ఆ మాటకు అర్థము.

చీనావారి ప్రాచీనతమమైన ఓషధి గ్రంథము షెన్‌నుంగ్ పేర వెలసినది. అందు 365 ద్రవ్యములు మూడు తరగతులుగా విభజింపబడగా, అతిమధురము ఉత్తమ తరగతిలో చేరినది. హాన్ వంశపు చివరి కాలమున జీవించిన జాంగ్ జుంగ్‌జింగ్ అను వైద్యుడు జ్వరములను గూర్చి వ్రాసిన గ్రంథములో నూటికి పైగా యోగములున్నవి. వానిలో సగమునకు మించి ఈ వేరుతో కూడినవే. గొంతునొప్పికి ఈ వేరొక్కటే కాచి యిచ్చు కషాయమును, పిక్కలు పట్టినపుడు పియోనీ వేరుతో కలిపి యిచ్చు కషాయమును అందు గలవు.

ఇన్ని యోగములలో దీనికి చోటేల దొరకెను? చీనా వైద్యులు ఔషధయోగమును రాజసభతో పోల్చుదురు. రోగముతో పోరాడు ద్రవ్యము రాజు. దానికి తోడ్పడునవి మంత్రియు, సహాయకుడును. అన్నిటిని పొందుపరచి నడుపునది దూత. అతిమధురము తరచుగా ఈ చివరి పదవినే వహించును. తీక్ష్ణమైన మందుల వాడిని తగ్గించి, పరస్పరము పొసగునట్లు చేయుట దీని పని. అందుచేతనే దీనికి 'రాజ్యమునకు పెద్ద' యను బిరుదు కలిగినది. పచ్చివేరును గొంతువాపునకును, తేనెతో వేయించిన వేరును జీర్ణశక్తి తగ్గినవారికిని, నాడి తప్పి కొట్టుకొనువారికిని వాడుదురు.

అయితే ఈ తీపి వెనుక నొక అపాయము గలదు. ఇందలి గ్లిసిరైజిన్ అను పదార్థము పంచదార కంటె అనేక రెట్లు తీయనిది. 1946లో రీవర్స్ అను డచ్చి వైద్యుడు దీని సారముతో కడుపులోని పుండ్లు మానుటను గమనించెను. కాని సుమారు అయిదుగురిలో ఒకరికి ఒంటికి నీరు పట్టెను. దీనికి కారణము తరువాత తెలిసినది. శరీరములోని కార్టిసాల్‌ను మూత్రపిండములలో నిర్వీర్యము చేయు ఎంజైమును ఈ వేరు అడ్డగించును. అందుచే ఉప్పు, నీరు నిలిచిపోయి, పొటాషియము తరిగి, రక్తపుపోటు పెరుగును. చీనా ఔషధసంహిత దినమునకు 2 మొదలు 10 గ్రాముల వరకే పరిమితి విధించినది. రక్తపుపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి గలవారును, గర్భిణులును వైద్యుని అడుగక దీనిని దినదినము సేవింపరాదని మేము ముఖ్యముగా మనవి చేయుచున్నాము. మూలిక గదా, ఏమి చేయునను ధీమా తగదు.

గురివింద వేరును గూడ కొన్నిచోట్ల అతిమధురమునకు బదులుగా వాడుదురు. గురివింద గింజ ప్రాణాంతకమైన విషము. కావున తెలిసినవారి వద్దనే మూలికను కొనవలెను.

ఇంకొక సంగతి. ఈ మొక్క ఉత్తర చీనాలోని ఎడారి అంచులలో వేళ్లను లోతునకు దింపి ఇసుకను పట్టి నిలుపును. మందుకొరకు త్రవ్వగా త్రవ్వగా నేల గాలికి ఎగిరిపోసాగెను. అందుచే 2000లో చీనా ప్రభుత్వము విచ్చలవిడి త్రవ్వకమును అరికట్టుటకు ఉత్తరువు చేసినది. దేహమునకు మేలుచేయు వేరు నేలకును మేలు చేయుచున్నది. రెండింటియందును మితము పాటించినవారికే దీని మాధుర్యము దక్కును.