జైలు గేటుకు అటూ ఇటూ మనవాళ్ళే

(పలాస దగ్గర సుమ్మాదేవిలో విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

రాష్ట్రం గురించి మాట్లాడుకునే సభల్లో మనం నీళ్ళ గురించి, నిధుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతాం. జైళ్ళ గురించి మాట్లాడం. దొంగల వ్యవహారం, హంతకుల వ్యవహారం, మనకెందుకని వదిలేస్తాం. ఒకసారి రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. రాష్ట్రాల జాబితాలో రెండో అంశం పోలీసు, నాలుగో అంశం జైళ్ళు. మనిషిని పట్టుకోవడం, లోపల పెట్టడం, బాగుచేసి బయటికి పంపడం, ఈ మూడూ రాష్ట్ర ప్రభుత్వం పనే. 1953లో, 1956లో, 2014లో తెలుగువాళ్ళ రాష్ట్రాల హద్దులు మారాయి. జైళ్ళు మాత్రం 1894లో తెల్లదొరలు రాసిన చట్టం పునాది మీదే నడిచాయి. ఆ చట్టానికి తెలిసిందల్లా గోడలు, తాళాలు, సంకెళ్ళు. విడుదలైన మనిషి ఎలా బతుకుతాడన్నది దానికి పట్టదు. ఆ మనిషి చేతిలో నష్టపోయినవాళ్ళ ఊసే అందులో లేదు.

ఈ రోజు మనం చెప్పదలచుకున్నది ఒక్కటే. బాధితుణ్ణి మరిచిపోయిన ప్రభుత్వమే విడుదలైన ఖైదీని కూడా మరిచిపోతున్నది. ఈ రెండు మరపులూ కలిస్తేనే మరో నేరం పుడుతున్నది.

మోసినవాడు లోపల, మోయించినవాడు బయట

మన సుమ్మాదేవి స్టేషను మీదుగా హౌరా–చెన్నై లైను పోతున్నది. ఒడిశా కొండల్లోనూ, విశాఖ మన్యంలోనూ పండిన గంజాయి ఈ లైను మీద, పక్కనున్న జాతీయ రహదారి మీద పోతున్నదన్న సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. స్టేషన్లలో పట్టుబడుతున్నది ఎవరు? ఎక్కువగా సంచి మోసిన కుర్రవాళ్ళు. ఒక్క ట్రిప్పుకు నాలుగు వేలో, ఐదు వేలో ఇస్తామంటే నమ్మినవాళ్ళు. పెట్టుబడి పెట్టినవాడు సంచి పట్టుకుని రైలెక్కడు కదా!

మాదకద్రవ్యాల చట్టంలో గంజాయికి 20 కిలోలు గీత. అది దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్ళ నుంచి 20 ఏళ్ళు. 37వ సెక్షను అడ్డం పడుతుంది కాబట్టి బెయిలు దొరకడం గగనం. విశాఖ కేంద్ర కారాగారం సామర్థ్యానికి మించి నిండిపోయిందనీ, అందులో పెద్ద భాగం గంజాయి కేసులవాళ్ళేననీ ఏళ్ళ తరబడి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. గంజాయి ఎన్ని ఇళ్ళను గుల్ల చేస్తున్నదో మనకు తెలుసు, దాన్ని మనం సమర్థించడం లేదు. అడుగుతున్నదల్లా ఒక్కటే. మూట మోసిన పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఆరితేరిన ముఠావాళ్ళతో ఒకే బ్యారక్‌లో ఏళ్ళ తరబడి ఉంచితే వాడు లోపల ఏం నేర్చుకుంటాడు?

దేశం మొత్తం లెక్క ఇంకా ఘోరం. 2022 చివరికి మన జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం రుజువు కాలేదు. పూచీకత్తు ఇచ్చే మనిషి లేకనో, పెట్టడానికి ఆస్తి కాగితం లేకనో లోపల మగ్గుతున్నవాళ్ళు ఇందులో ఎందరో. బీద ఖైదీల బెయిలుకు 40 వేల రూపాయల దాకా, శిక్ష పడినవాళ్ళ జరిమానాకు 25 వేల దాకా సాయం చేస్తామని 2023లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. వాటిలోనే గంజాయి కేసులవాళ్ళకు ఇది వర్తించదని రాసింది. మన లైను మీద పట్టుబడ్డ బీదవాడికి ఆ తలుపు తెరవకముందే మూసేసినట్టయింది.

విడుదలయ్యాక ఎవరు ఎదురొస్తున్నారు?

జైలు గేటు బయట ఆ కుర్రాడికి ఎదురొచ్చేది ఎవరు? ఊళ్ళో జీడిపప్పు కార్ఖానాలో పనికి పెట్టుకోరు. గల్ఫుకు వెల్డింగు పనికి పోదామంటే, పెండింగు కేసుందని పాస్‌పోర్టు ఆపుతారు. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, పోలీసు విచారణ కాగితం దగ్గర ఆగిపోతుంది. అడ్వాన్సు చేతిలో పెట్టి, రా తమ్ముడూ అని పిలిచేవాడు ఒక్కడే మిగులుతాడు, అప్పుడు సంచి మోయించినవాడు. పాత నేరస్తుడు మళ్ళీ దొరికాడని పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. ఆ పాత నేరస్తుణ్ణి తయారుచేసింది ఎవరని మాత్రం ఎవరూ అడగరు.

ఇది తెలియక జరుగుతున్నది కాదు. 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసు ఉంది. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగులను మోసం చేసిన కేసు అది. జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష తగ్గించి, లోపల మనసుకు పట్టే పని ఇవ్వాలనీ, పెరోలు మీద ఇంటికి వెళ్ళి రానివ్వాలనీ చెప్పారు. మనిషిని బాగుచేయలేని శిక్ష సమాజాన్ని కాపాడదన్నది ఆ తీర్పు సారం. 1983లో జస్టిస్ ముల్లా కమిటీ నివేదిక ఇచ్చింది. విచారణ ఖైదీలను శిక్షపడ్డవాళ్ళతో కలపొద్దన్నది, విడుదల తర్వాత ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అన్నది. అనంతపురం ఓపెన్ జైలు 1965 నుంచీ ఉంది. తెలంగాణలో జైళ్ళ శాఖ పెట్రోలు బంకులు పెట్టి ఖైదీలకు, విడుదలైనవాళ్ళకు పని చూపించింది. దారి తెలుసు. ఆ దారిన నడిపించే ఉద్దేశమే పాలకులకు లేదు.

బాధితుడంటే సాక్షి మాత్రమేనా?

నేరస్తులకు ఇంత చేయమంటున్నారు, నష్టపోయినవాళ్ళ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ జిల్లాకు ఆ ప్రశ్న అడిగే హక్కు మరీ ఎక్కువ ఉంది.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకీ గుళ్ళకు బలయ్యారు. నిందితులను కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. ఆ తర్వాత గిరిజనుల మీద, వారి వెంట నిలిచినవాళ్ళ మీద పెట్టిన కుట్రకేసులు దేశమంతా చూసింది. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ అలాగే అన్నవాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగి మనవాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. మనుషులు పోయిన పల్లెల మీదే కేసులు కూడా పడ్డాయి. 2012 జూన్ 12న, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు భూమి తగాదాలో ఊచకోతకు గురయ్యారు. నేరం జరిగిన నాడు మంత్రులు, నాయకులు, కెమెరాలు వస్తాయి. నెల తిరిగేసరికి బాధిత కుటుంబం కోర్టు మెట్ల మీద ఒంటరిగా మిగులుతుంది. మన వ్యవస్థలో బాధితుడు కేవలం ఒక సాక్షి. సమను వస్తే రావాలి, వాయిదా పడితే కూలి పోగొట్టుకుని తిరిగి పోవాలి.

నేరబాధితులకు ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని న్యూజిలాండ్ 1963లో చట్టం చేసుకుంది. మనకు ఆ మాట చట్టంలోకి రావడానికి 2009 డిసెంబరు 31 దాకా పట్టింది. నేరశిక్షాస్మృతిలో 357ఎ అమల్లోకి వచ్చింది ఆ రోజునే. 2024 జులై 1 నుంచి అదే నిబంధన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 396వ సెక్షనుగా ఉంది. అది చెప్పేది వినండి. నేరస్తుడు దొరక్కపోయినా సరే, బాధితులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంస్థ రెండు నెలల్లో విచారణ పూర్తిచేయాలి. తక్షణ వైద్యం ఉచితంగా అందేలా ఆదేశాలివ్వొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు బాధితుడికి చెప్పాలని 193వ సెక్షను అంటున్నది. నిందితుణ్ణి వదిలేస్తే బాధితుడే అప్పీలుకు వెళ్ళే హక్కూ ఉంది. ఇవన్నీ మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? ఎఫ్‌ఐఆర్ కాగితం చేతికిచ్చేటప్పుడే ఈ నాలుగు ముక్కలు చెబితే స్టేషనుకు వచ్చే నష్టమేమిటి?

ఒకరి కడుపు కొట్టి ఇంకొకరికి పెట్టమనడం లేదు

బాధితుడి పక్షం, ఖైదీ పక్షం అని మనల్ని రెండుగా చీలుస్తారు. ఆ మాయలో పడొద్దు. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ ఒకే చోట కలిపింది. కఠిన శిక్షలో ఉన్న ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలి, ఆ కూలిలో కొంత భాగం తీసి బాధితులకు అందించేలా చట్టం చేయాలి అన్నది. ఎంత మంచి ఆలోచన! తాను చేసిన నష్టానికి తన చెమటతో కొంతైనా తీర్చుకున్న మనిషి రేపు తలెత్తుకుని ఊళ్ళోకి రాగలడు. బాధితుల చేతికి ఊరట మాటలతో పాటు ఎంతో కొంత డబ్బూ అందుతుంది. కూలి సరిగా ఇవ్వకుండా, వాటా సరిగా పంచకుండా ఈ ఆలోచనను కాగితం మీదే ఉంచితే ఇద్దరికీ అన్యాయమే.

మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద వదలాలని 479వ సెక్షను చెబుతున్నది. యావజ్జీవం, ఉరి పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకూ ఇది వర్తించదు. దీనికోసం కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పెడుతున్నారా లేదా అడిగేవాళ్ళు కావాలి.

కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం మనది. డయాలసిస్ మీద ఉన్న మనిషి ఖైదీ అయితే, ఎస్కార్టు పోలీసు లేరని వాయిదా వేయడానికి వీల్లేదు. కోర్టు వాయిదా తప్పితే ఇంకో తేదీ వస్తుంది. డయాలసిస్ తప్పితే ప్రాణం పోతుంది.

కాబట్టి మన డిమాండ్లు ఇవీ:

మొదటిది, ప్రతి పోలీసుస్టేషనులో, ప్రభుత్వాసుపత్రిలో బాధితుల పరిహారం దరఖాస్తు తెలుగులో దొరకాలి. ఏటా జిల్లాలో ఎన్ని వచ్చాయో, ఎంత ఇచ్చారో బోర్డు మీద రాయాలి.

రెండోది, మొదటిసారి వచ్చిన కుర్రవాళ్ళను ముఠావాళ్ళ నుంచి వేరుగా ఉంచి పని నేర్పాలి.

మూడోది, విడుదలైన మొదటి ఆర్నెల్లూ పని చూపించే బాధ్యత జిల్లా యంత్రాంగానిది కావాలి.

నాలుగోది, ఖైదీ కూలిలో బాధితుల వాటా లెక్క బహిరంగం చేయాలి.

ఐదోది, భూమి కోసం, నీటి కోసం నిలబడ్డ పల్లెల మీద పెట్టిన కేసుల్లో ఇంకా మిగిలినవి ఉంటే అన్నీ ఎత్తేయాలి.

విద్యార్థి మిత్రులారా, సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. ఈ లెక్కలన్నీ అడగండి. ఉద్యోగ మిత్రులారా, దరఖాస్తు నింపలేని తల్లి మీ టేబులు ముందు నిలబడితే పదినిమిషాలు ఆమెకివ్వండి. లాయరు మిత్రులారా, నెలకొకసారి సబ్‌జైలు గేటు తట్టండి. రాష్ట్రం ఎలా ఉండాలో చెప్పే హక్కు మనకుంటే, దాని జైలు ఎలా ఉండాలో చెప్పే బాధ్యత కూడా మనదే. మొదటి దరఖాస్తు రేపే పలాస నుంచి వెళ్ళాలి.