కారు లిఫ్టుపై మోటారు సైకిలు
(పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు మన గ్రామములలో బండి చక్రము చెడినచో వడ్రంగి వద్దకును, నాగటి కర్రు అరిగినచో కమ్మరి కొలిమికిని పోవుచుండిరి. నేడు ఆ స్థానమున మోటారు సైకిళ్లు బాగుచేయు మెకానిక్కు నిలిచినాడు. పాలు కేంద్రమునకు చేరవలెనన్నను, రోగికి మందు తేవలెనన్నను, పిల్లవానిని పరీక్షకు దింపి రావలెనన్నను మోటారు సైకిలే ఆధారము. అయినను దానిని బాగుచేయువాడు పెక్కు గ్రామములలో నేటికిని చెట్టు నీడన, మట్టినేలపై గొంతుకూర్చుండియే పనిచేయుచున్నాడు.

మేమెరిగిన ఒక గ్రామమున ఇట్టి యువకుడొకడు వెనుక చక్రమును ఊడదీసి, బండి క్రింద రాయి పెట్టి పనిచేయుచుండెను. రాయి జారెను. బండి అతని పాదముపై పడెను. రెండు నెలలు అతడు పనికి రాలేదు. ఆ రెండు నెలలును ఆ యింట సంపాదన లేదు. ఆ వీధిలోనే అద్దెకార్లు నడుపు గృహస్థుడొకడు తన యింటి షెడ్డులో కారు లిఫ్టును అమర్చుకొనియుండెను. “కారునే ఎత్తు యంత్రము మోటారు సైకిలును ఎత్తలేదా?” అని ఊరి పెద్దలు అడిగిరి. ప్రశ్న సహజమైనదే. సమాధానము మాత్రము తొందరపడి చెప్పదగినది కాదు. నేడు మేము మీకు మనవి చేయదలచిన విషయమిదియే.

ఇండ్లలో వాడు కారు లిఫ్టులలో పలు రకములు కలవు. ఆ గృహస్థుని షెడ్డులోనిది కత్తెర లిఫ్టు. దానికి సమాంతరముగా రెండు ఉక్కు పట్టెలును, వాటి క్రింద కత్తెరవలె మడతపడు కాళ్లును, నూనె పీడనముతో పనిచేయు సిలిండర్లును ఉండును. విద్యుత్తు మోటారు నూనెను నెట్టగా పట్టెలు సుమారు మీటరు ఎత్తునకు లేచును. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్నివైపులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ వివరించెను. చిన్న మోటారు పెద్ద కారును ఎత్తగలుగుటకు ఈ సూత్రమే మూలము.

ఇట్టి లిఫ్టు సాధారణముగా రెండున్నర లేక మూడు టన్నుల బరువు మోయును. మన గ్రామములలో విరివిగా కనబడు 100 సి.సి. బండి బరువు సుమారు 110 కిలోలు, 350 సి.సి. బుల్లెట్టు బరువు సుమారు 195 కిలోలు. కావున బరువు సమస్య కానే కాదు. సమస్య నిలకడ. కారు నాలుగు కాళ్ల మంచమువలె తనంత తాను నిలుచును. మోటారు సైకిలు రెండు చక్రములు ఒకే వరుసలో నుండుటచే ఊతలేనిదే నిలువలేదు. దాని చక్రము నేలను తాకు వెడల్పు నాలుగు వ్రేళ్లకు మించదు. పైగా లిఫ్టు మెత్తలు ఆనుటకు కారు అడుగున రెండు ప్రక్కల తగిన స్థానములు కలవు. మోటారు సైకిలుకు అట్టివి లేవు.

ఆ గ్రామమున మొదట పట్టెలపై రెండు చెక్కపలకలను అడ్డముగా పరచి, బండిని సెంటరు స్టాండుపై నిలిపి పైకెత్తిరి. అడుగు ఎత్తు లేవగానే పలకలు వంగినవి, బండి ఊగినది. వెంటనే దించిరి గనుక ప్రమాదము తప్పినది. మూడు టన్నులు మోయు యంత్రము గదా యను ధీమాయే ఆ తొందరపాటునకు కారణము.

పిదప ఇనుపపని తెలిసినవానిని పిలిపించి చేయించిన ఏర్పాటును వరుసగా చెప్పెదము.

మొదటిది వేదిక. రెండు పట్టెలను కలుపుచు మూడు చానెల్ ఇనుప దూలములను అడ్డముగా వేసి, కదలకుండ క్లాంపులతో బిగించిరి. లిఫ్టు ఉక్కుకు రంధ్రము వేయలేదు, వెల్డింగు చేయలేదు. అట్లు చేసినచో దాని బలము చెడును. దూలములపై 7 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల వేదికను జారని గళ్ల ఇనుపరేకుతో అమర్చిరి. ఈ వేదిక రెండు పట్టెలకును సరిగా నడుమ నుండవలెను.

రెండవది ముందు చక్రమునకు పట్టు. వేదిక ముందు కొనయందు చక్రము దూరి నిలుచునట్లు ఇనుప గాడిని బోల్టులతో బిగించిరి.

మూడవది నాలుగు పట్టీలు. హ్యాండిలు క్రింది భాగమునుండి రెండును, వెనుక చట్రమునుండి రెండును ఇరుప్రక్కలకు, క్రిందికి లాగి బిగింతురు. ముందు షాక్‌ అబ్జార్బర్లు కొంచెము అణగినంతవరకు బిగించిన చాలును. ఒకవైపు పట్టీ మాత్రమే బిగించినచో బండి ఆ వైపునకే ఒరుగును.

నాలుగవది చక్రము తీయునప్పటి ఊత. ఏ చక్రమును ఊడదీయవలసినను, అంతకుముందే బండి చట్రము క్రింద జాకీని ఆనించి బరువును దానిపైకి తేవలెను. ముందు చక్రము తీసినచో గాడి పట్టు పోవునని మరువరాదు.

ఐదవది ఎక్కుదల. వేదిక నేలకు దగ్గరగా నున్నప్పుడు వాలు పలకపై ఇద్దరు మనుష్యులు, ఇంజను ఆపి, బండిని నెట్టుకొని ఎక్కింపవలెను. నడుపుచు ఎక్కింపరాదు.

ఇన్ని చేసినను వెంటనే బండిని ఎక్కింపలేదు. సిమెంటు బస్తా ఒకటి 50 కిలోలు గదా! ఆరు బస్తాలను వేదికపై పేర్చి, మెల్లగా ఎత్తి, ఒక రాత్రి అట్లే యుంచి చూచిరి. మరునాడు రెండు బస్తాలను ఒక అంచున నుంచి, కొద్ది ఎత్తున వేదిక ఒరుగుచున్నదేమో పరీక్షించిరి. అటుపిమ్మటనే పని ఆరంభమైనది.

మరియొక ముఖ్య విషయము. నూనె పీడనమును నమ్మి దాని క్రింద చేయి పెట్టరాదు. గొట్టము పగిలినను, సీలు అరిగినను వేదిక దిగిపోవును. అందుకే లిఫ్టులకు ఇనుప లాకులు ఉండును. కావలసిన ఎత్తునకు లేచిన పిదప వేదికను లాకుపైకి దింపి, బరువు లాకుపై నిలిచినదని చూచిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. క్రింది నేల సమతలమైన గట్టి కాంక్రీటు కావలెను. మోటారుకు ఎర్తు తీగ ఉండవలెను. తయారీదారుల పుస్తకమున ఇట్టి మార్పు కూడదని యున్నచో ఆ ప్రయత్నమును మానుకొనవలెను.

ఇందు పంచాయతీకి పనియేమి యని మీరడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య వాటిలో నున్నవి. మీ గ్రామమున ఇదివరకే కారు లిఫ్టు గల గృహస్థుడున్నచో, అతనికిని మెకానిక్కునకును నడుమ ఒప్పందము కుదుర్చుడు. వారమున ఏ దినములు, ఎంత అద్దె, చెడినచో ఖర్చు ఎవరిది యను సంగతులు కాగితముపై ఉండవలెను. మోటారు సైకిళ్ల కొరకే క్రొత్తగా కారు లిఫ్టును కొనవలదు. వాటికై ప్రత్యేకముగా చేసిన బల్ల లిఫ్టులు బజారున దొరకుచున్నవి, అవియే మేలు. అట్లే పని నేర్చుకొనుటకు వచ్చిన పిల్లలలో 14 ఏండ్లు నిండనివారు ఉన్నచో వారిని బడికి పంపుడు. ఆ వయస్సువారిని పనిలో నుంచుటను 2016లో సవరింపబడిన చట్టము నిషేధించుచున్నది.

ఆ యువకుడు ఇప్పుడు నిలుచుండి పనిచేయుచున్నాడు. బండి పైకి లేచిన ప్రతిసారియు నాలుగు పట్టీలను తడిమి, లాకును చూచి, బండిని ఒకమారు చేతితో కదిపి, అటుపిమ్మటనే స్పానరు పట్టుచున్నాడు. పాదము నయమైనను ఆ రాయిని అతడు మరువలేదు. మీ గ్రామమునందలి మెకానిక్కు ఆ పాఠమును దెబ్బ తినకయే నేర్చుకొనునట్లు చూచుట మీ చేతులలో నున్నది.