కోడింగు రాని వర్తకుని వెబ్‌సైటు

చైతన్యపురి మొదలు దిల్‌సుఖ్‌నగర్ వరకు బాట కిరువైపుల నున్న అంగళ్లను లెక్కింపబూనుట కష్టము. బట్టల దుకాణములు, టిఫిను సెంటర్లు, విద్యార్థుల హాస్టళ్లు, శిక్షణాలయములు, కుట్టుపనివారి చిన్న గదులు - ఒక్కొక్కదానికి ఒక పేరుపలక. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడువ నారంభించిన పిదప, ప్రయాణికులలో పెక్కుమంది ఆ పలకల మీదుగనే సాగిపోవుచున్నారు. వారి చూపు చేతిలోని ఫోనుపై నుండును. కనుక వర్తకునకు ఆ ఫోనులో కనుపించు రెండవ పేరుపలక యొకటి కావలసివచ్చినది. దానినే మనము వెబ్‌సైటు అనుచున్నాము.

కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయు కోడింగు తమకు రాదని వెనుదీయువారు చాలమంది కలరు. ఆ భయ మనవసరము. 1990లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాలలో మొట్టమొదటి బ్రౌజరును నిర్మించినపుడు, పుటలను చదువుటకే గాక, సంకేతములతో పనిలేకుండ వ్రాయుటకు గూడ అందులో వీలు కల్పించెను. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్, 2006లో ఇజ్రాయిలులో పుట్టిన విక్స్ మొదలగునవి ఈ సౌకర్యమును సామాన్యులకు చేర్చినవి. సిద్ధముగా నున్న నమూనాలలో ఒకదాని నెన్నుకొని, మాటలను, ఫొటోలను తగిన చోట్ల నుంచుటయే పని. శుభలేఖ వేయించుకొనువాడు అచ్చుయంత్రము నడుప నేర్వనక్కరలేదు గదా!

మఱి నేర్వవలసిన దేమి? మూడు సంగతులు మనవి చేయుదుము.

మొదటిది పేరు. దీనిని డొమైను అందురు. దీనిని ఒక్కసారి కొని ఊరకుండుటకు వీలులేదు. గడువు తీరకముందే రుసుము చెల్లించి నిలుపుకొనవలెను. ‘.ఇన్’ తో ముగియు పేర్లను మనదేశమున నిక్సి అను సంస్థ నిర్వహించుచున్నది. తెలుగు లిపిలో ‘.భారత్’ అను ముగింపు గూడ కలదు. ఏ పేరైనను వర్తకుని పేరిట, వర్తకుని ఈమెయిలుతోనే నమోదు కావలెను. సైటు కట్టిన కుఱ్ఱవాడు తన పేరిట నమోదు చేసికొని, పిదప ఊరు విడిచిపోయినచో, అంగడి తాళపుచెవి పరాయివాని జేబులో నున్నట్లే.

రెండవది నిలుకడ. గూగుల్ సంస్థ చిన్న వ్యాపారుల ప్రొఫైళ్లతోబాటు ఉచితముగా నిచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసివేసినది. కొంతకాలము ఆ చిరునామాలు ప్రొఫైలునకు దారిచూపినవి. జూను 10వ తేదీతో అదియు ముగిసినది. సొంత డొమైను గలవారు దానిని మఱియొక సైటునకు త్రిప్పుకొనగలిగిరి. ఉచిత చిరునామానే కార్డులపై అచ్చువేయించుకొన్నవారికి ఆ కార్డులు పనికిరాకుండ పోయినవి. చేరుటకు ముందే, బయటికి వచ్చు దారి విచారించుట మంచిది. వర్డ్‌ప్రెస్‌లో వ్రాసినదానిని మూటగట్టి వేఱొకచోటికి తీసికొనిపోవచ్చును. విక్స్‌లో కట్టిన సైటును అట్లే ఎత్తుకొనిపోవుటకు వీలులేదు.

మూడవది మాట. నమూనా ఎంత అందమైనదైనను, అందలి మాటలు అంగడివానివే కావలెను. ఇంటివద్ద రవికెలు కుట్టు ఇల్లాలొకతె సైటు పెట్టుచున్నదనుకొందము. “అత్యుత్తమ సేవలు” అను మాటతో ఎవరికిని ప్రయోజనము లేదు. సాదా రవికెకు కూలి యెంత, మగ్గపు పనికి ఎన్ని దినములు పట్టును, ఏ మెట్రో పిల్లరు నంబరు వద్ద మలుపు తిరుగవలెను - ఇవి చెప్పినచో గిరాకి గుమ్మము వెదకికొని వచ్చును. సైటుమీదనే సరకు విక్రయించువారు 2020 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనలను గూడ గమనింపవలెను. వ్యాపారపు చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు వినువారి వివరములు అందు ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను.

ఇవి కోడింగు తెలిసినవారు చేసిపెట్టు పనులు కావు. వర్తకుడు తానే చూచుకొనవలసినవి. తీరిక దొరికిన ఒక మధ్యాహ్నము, కాలేజీలో చదువుచున్న బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదలుపెట్టవచ్చును. తొలుత ఒక్క పుట చాలును: పేరు, ధర, దారి, ఫోను నంబరు. ధర మారిననాడే పుటలోను మార్చవలెను. వారమునకొకసారి దానిని తెఱచిచూచు అలవాటు చేసికొన్నచో, అంగడి మూసిన రాత్రివేళ గూడ ఆ పలక వర్తకుని పక్షమున నిజమే పలుకుచుండును.