బీలకు పట్టా లేదు, బువ్వ ఉంది

(మార్కాపురంలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెలిగొండ నీళ్ల గురించి మాట్లాడతారనుకుని వచ్చినవాళ్లకు సముద్రం ఒడ్డు సంగతి మనకెందుకు అనిపించవచ్చు. మనది ట్యాంకరు కోసం ఎదురుచూసే సీమ. కానీ మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, చివరకు కలిసేది ఆ సముద్రంలోనే. 2025 జూన్‌లో ఉలవపాడు మండలం కరేడు రైతులు భూములు ఇవ్వమని జాతీయ రహదారి మీద కూర్చున్నప్పుడు మనలో చాలామంది ఫోన్లలో చూశాం. ఆ మండలం 2022 వరకూ మన జిల్లాలోదే. వాళ్లకు పదిహేనేళ్ల ముందే ఇలా నిలబడి నెగ్గినవాళ్లు శ్రీకాకుళం జిల్లా సోంపేటవాళ్లు. ఈరోజు వాళ్ల సంగతి చెప్పుకుందాం.

సోంపేట దగ్గర, సముద్రానికి కాస్త ఇవతల, బీల ఉంది. బీల అంటే నీళ్లు నిలిచే పల్లపు నేల. చుట్టుపక్కల పొలాలకు దాని నీళ్లే ఆధారం. చేపలు పట్టేవాళ్లు, గొడ్లు మేపేవాళ్లు, గడ్డి కోసుకుని బతికేవాళ్లు, అందరికీ బువ్వ అందులోంచే. అయితే అది ఎవరి పేరునా లేదు. పట్టా లేదు, పాసుపుస్తకం లేదు. 2008లో ప్రభుత్వం జీవో 1107 ఇచ్చి, 2640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం కోసం ఆ నేలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. కాగితాల్లో అది పనికిరాని భూమి. ఎవరిదీ కాని భూమికి పరిహారం ఎవరికిస్తారు? పొలం పోయినవాడికి ఎంతో కొంత చెక్కు వస్తుంది. బీల పోయినవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

మన కుంటల సంగతీ ఇంతే కదా. మే నెలలో ఎవరైనా వచ్చి ఫోటో తీసుకుపోతే మన కుంట కూడా బీడే.

2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. జనం వద్దన్నారు. అయినా డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది. అదే నెలలో సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో ఒక డాక్టరు ముందు నిలబడ్డారు. రైతులు, మత్స్యకారులు ఊరి తర్వాత ఊరు వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఈఏఎస్ శర్మ గారు వాళ్ల పక్షాన నిలిచారు. కరెంటు వద్దనేవాళ్లని వాళ్లను తిట్టినవాళ్లకు అదొక్కటే చాలిన జవాబు అనుకుంటాం. మోటారుకు కరెంటు కావాలని మనకంటే గట్టిగా ఎవరు అడుగుతారు? ఆ కేంద్రం బీలలోనే ఎందుకు అన్నదే వాళ్ల ప్రశ్న.

2010 జులై 14న పోలీసు బందోబస్తుతో పనులు మొదలుపెట్టబోయారు. జనం అడ్డం నిలబడ్డారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ కాగితం ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఆ రెండు ఇళ్లలో దీపం ఆరేది కాదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రాణాలు. అక్కడా తడి నేలే.

రద్దయిందని సోంపేటవాళ్లు ఇళ్లకు పోలేదు. దీక్షలు ఏళ్ల తరబడి సాగించారు, కేసులకు కోర్టుల చుట్టూ తిరిగారు. థర్మల్ కేంద్రం రాలేదు.

మన పిల్లలు హైదరాబాదుకూ బెంగళూరుకూ వలసపోతున్నారు, ఫ్యాక్టరీ వస్తే వద్దంటారా అని మనల్నీ అడుగుతారు. వద్దనం. ఎక్కడ, ఎవరి నీళ్లతో, ఎవరి మేతబీడులో అని అడుగుతాం.

అడగడానికి చట్టంలో చోటుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. నోటితో చెప్పినదానితో ఆగకండి, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. సోంపేటవాళ్లు వెళ్లిన అథారిటీ ఇప్పుడు లేదు. దాని స్థానంలో హరిత ట్రిబ్యునల్ వచ్చింది, మనకు చెన్నై బెంచి. అనుమతి మీద అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకోవచ్చు, అంతకు మించి లేదు.

ఈలోగా మనం చేయగల పని ఒకటుంది. మీ ఊరి చెరువు, కుంట, వాగు పోరంబోకు, మేతబీడు అడంగల్‌లో ఏమని రాసి ఉన్నాయో చూడండి. వానలకు కుంట నిండగానే ఫోటో తీయండి, వెనక సర్వే నంబరు, తేదీ రాయండి. తర్లుపాడు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట వైపు నుంచి వచ్చినవాళ్లు వచ్చే నెల సమావేశానికి ఆ ఫోటోలు, అడంగల్ నకళ్లు తీసుకురండి. మండలానికో ఫైలు పెడదాం.