శీతకాలమున ట్రౌటు భోజనము

లిద్దరు నదిలో నేడు ఈదుచున్న గోధుమవన్నె ట్రౌటు చేప కాశ్మీరమునకు పరదేశి. 1899లో ఇంగ్లండునుండి పంపిన గ్రుడ్లు త్రోవలోనే చెడిపోయినవి. 1900లో స్కాట్లండునుండి వచ్చినవి దక్కినవి. వేసవి సెలవులలో పహల్గాము పోవు ఢిల్లీ ఉద్యోగులు దానిని మిక్కిలి చురుకైన చేపగా ఎరుగుదురు. పుష్యమాసమున అది ఏమి తిని బ్రదుకునో గమనించినవారు తక్కువ.

అది చలికాలమంతయు ఉపవసించునని కొందరి తలంపు. అది సరికాదు. చేప శరీరము నీటితోపాటు చల్లబడును. నీటి వేడిమి 4 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగినపుడు అరుగుదల మందగించి, తిన్నది చాలసేపు కడుపులోనే నిలుచును, ఆకలియు తగ్గును. ఉరవడి కెదురీదుట శక్తికి నష్టము గనుక ట్రౌటు లోతైన మడుగులకు, బండల చాటునకు చేరును. ఎరను వెంటాడదు, ప్రవాహము నోటికడకు తెచ్చినదానినే అందుకొనును. నెలాఖరున గుమాస్తా యింటి పొదుపువంటిదే ఈ పొదుపు! ప్రవాహము తెచ్చునవి గులకరాళ్ళ నడుమ పెరుగు పురుగుల డింభకములు. మధ్యాహ్నపుటెండకు కుట్టని చిరుదోమలు నీటిపైకి లేచినపుడు మాత్రము చేప కొంత పైకి వచ్చును.

చలి ముదురునపుడు పెట్టిన గ్రుడ్లును ఆ గులకరాళ్ళలోనే వసంతమువరకు దాగియుండును. కాశ్మీరమున చలినెలలలో గాలము వేయుట నిషిద్ధమైనది ఇందులకే. కాని గాలము నాపి, ఏటి అడుగున కంకర త్రవ్వనిచ్చినచో ట్రౌటు ఆహారమును, సంతానమును ఒక్క పారవ్రేటుతోనే పోవును.